గుడ్ల అట్టలను కూడా పట్టించుకోండి

సంపాదకులకు నమస్కారం.

నేను కావలిలో చిన్న కిరాణా దుకాణం నడుపుతూ ఇరవై ఏళ్లకు పైగా కోడిగుడ్లు అమ్ముతున్నాను. గుడ్డు ధర పెరిగినప్పుడల్లా పత్రికల్లో వార్త వస్తుంది కానీ, ఆ గుడ్డు ఫారం నుంచి మా దుకాణానికి ఎటువంటి అట్టలో చేరుతున్నదో ఎవరూ రాయగా నేను చూడలేదు.

ఫారంలో గుడ్లను ముప్పై పట్టే కాగితపు గుజ్జు అట్టల్లో సర్దుతారు. దూరప్రాంతాలకైతే ఏడు అట్టలు కలిపి 210 గుడ్ల పెట్టెగా పంపుతారు. మా దుకాణాలకు పెట్టె ఉండదు. అట్టలనే ఒకదానిపై ఒకటి పేర్చి, తాడు కట్టి, ఆటోలో తెచ్చి దింపుతారు. మళ్లీ వచ్చినప్పుడు ఖాళీ అట్టలు తీసుకుపోతారు. నా ఆందోళనంతా ఈ ఖాళీ అట్టల గురించే. పగిలిన గుడ్ల సొన ఎండి, రెట్ట అంటుకుని, అడుగు నల్లబడిన అట్టలు ఏ ఫారానికో చేరి, తాజా గుడ్లతో తిరిగి మా దగ్గరకే వస్తున్నాయి. కాగితపు అట్టను కడుగుదామంటే నాని విడిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే, పొదలకూరు మండలం చాటగుట్లలోనూ కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ బర్డ్‌ఫ్లూ బయటపడి కోళ్లు పెద్దసంఖ్యలో చనిపోయాయి. అటువంటి రోగం చెప్పుల వెంట, బండి చక్రాల వెంట పోయినట్టే మురికి అట్టల వెంట కూడా ఒక ఫారం నుంచి మరో ఫారానికి పోగలదు.

తినేవారికీ ఇందులో ముప్పు ఉంది. పెంకుకు కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. గుడ్డు పెట్టినప్పుడు పైన ఏర్పడే సన్నని పొరే వాటికి కాపలా. తడి తగిలి ఆ పొర పోతే అట్టలోని మురికి లోపలికి దిగడానికి దారి దొరుకుతుంది. ఒక పశువైద్యుడు చెప్పేవరకు నేను కూడా మరకపడిన గుడ్లను తడిబట్టతో తుడిచి పెట్టేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. గాలి గది ఉండే మొద్దు వైపు పైకి, మొన కిందికి ఉండేలా గుడ్డును నిలపాలని కూడా ఆయనే చెప్పారు. రోహిణి కార్తె ఎండలో, పట్టా కూడా కప్పని బండిలో వచ్చిన గుడ్డు పగలగొడితే తెల్లసొన నీళ్లలా పారుతుంది. దానికి నిందపడేది మాత్రం దుకాణదారే.

కాగితపు అట్టను ఒక్కసారికే వాడాలి. అది భారమనుకుంటే, క్రిమిసంహారక మందు కలిపిన నీటితో కడిగి ఆరబెట్టగల ప్లాస్టిక్ అట్టలు వాడవచ్చు. అవి తిరిగి రావన్నది కోళ్ల రైతుల భయం, అది నిజమైన భయమే. అయితే నీళ్ల క్యాన్‌కు కట్టినట్టే అట్టకూ డిపాజిట్ కట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. సర్కారు బడి పిల్లలకిచ్చే గుడ్ల మీద రంగు ముద్ర వేయించగలిగినప్పుడు, అంగడి గుడ్ల అట్ట మీద సర్దిన తేదీ వేయించడం అసాధ్యం కాదు.

పశుసంవర్ధక శాఖ, ఆహార భద్రత అధికారులు వేసవి ముదరక ముందే కోళ్ల రైతులను, టోకు వ్యాపారులను, మా వంటి చిల్లర వర్తకులను ఒకచోట కూర్చోబెట్టి ఈ అట్టల సంగతి తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక కిరాణా వర్తకుడు, కావలి, నెల్లూరు జిల్లా