సీటు కింద సంచి

సంపాదకులకు,

2007 ఆగస్టు 25, శనివారం. అప్పుడు నేను నాలుగో తరగతి. పాత పుస్తకాల కోసం కోఠీకి వెళ్లిన నాన్న, వచ్చేటప్పుడు గోకుల్ చాట్ నుంచి తినడానికి ఏదైనా తెస్తానని నాకు మాటిచ్చారు. రాత్రి ఎనిమిది కాకముందే లుంబినీ పార్కులో లేజర్ షో దగ్గర ఒకటి, గోకుల్ చాట్‌లో ఒకటి, బాంబులు పేలాయి. ఫోన్లు కలవలేదు. అమ్మ టీవీ ముందు కూర్చోలేక, అక్కడి నుంచి లేవలేక వాకిలికీ గదికీ మధ్య తిరుగుతూనే ఉంది. పదిన్నరకు నాన్న చాదర్‌ఘాట్ మీదుగా నడిచి ఇల్లు చేరారు. చంకలో పుస్తకాల కట్ట అలాగే ఉంది. బేరం తెగక ఆలస్యమవడం వల్లే బతికానని ఎవరడిగినా చెప్పేవారు గానీ, నాకిచ్చిన మాట సంగతి మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం 40 మందికి పైగా చనిపోయారు. మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు కూడా వారిలో ఉన్నారు. అదే రాత్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుట్‌ఓవర్ బ్రిడ్జి కింద మరో బాంబు దొరికిందని, దానిని నిర్వీర్యం చేశారని తెలిసింది. మేము బడికి రోజూ ఎక్కి దిగే వంతెన అది. తర్వాత చాలా నెలలు నేను దాని మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెడుతూ, ఊపిరి బిగబట్టి దాటేదాన్ని. ఆ అలవాటు వదిలిందనుకుంటున్న సమయంలో, 2013 ఫిబ్రవరి 21న, దిల్‌సుఖ్‌నగర్‌లోనే మళ్లీ రెండు పేలుళ్లు జరిగి 18 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు నేను తొమ్మిదో తరగతి.

కోర్టులు తమ పని తాము చేశాయి. 2007 కేసులో 2018లో ఇద్దరికి ఉరి, ఒకరికి యావజ్జీవం పడ్డాయి. 2013 కేసులో ఐదుగురికి పడిన ఉరిశిక్షను 2025 ఏప్రిల్‌లో హైకోర్టు ఖరారు చేసింది. ఆ వార్త వచ్చిన రోజున కూడా నేను బస్సెక్కగానే వంగి సీటు కిందకు చూశాను.

రెండేళ్ల కిందట సిటీ బస్సులో, మలక్‌పేట దగ్గర, ముందు సీటు కింద నల్ల సంచి కనిపించి కేక పెట్టాను. బస్సు ఆగింది, జనం ఒకరినొకరు తోసుకుంటూ దిగారు. కండక్టరేమో సంచిని కాలితో ఇవతలికి లాగి, జిప్పు తెరిచాడు. లోపల టిఫిన్ డబ్బా, తాపీ, తుండుగుడ్డ. ఒక పెద్దావిడకు సీటిచ్చి వెనక తలుపు దగ్గర నిలబడిన మేస్త్రీ సంచి అది. ఆయన గడ్డం చూసి ఒకరిద్దరు అన్న మాటలు ఇక్కడ రాయలేను. ఎవరి ముఖమూ చూడకుండా ఆయన తన సామాను ఒక్కొక్కటే సర్దుకుని, అక్కడే దిగిపోయారు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

ఆ సంచిలో నిజంగా బాంబే ఉండి ఉంటే కండక్టరు చేసిన పని ఎంతమందిని చంపేదో ఆలోచిస్తే నాకిప్పటికీ వణుకు పుడుతుంది. దుకాణాల గుమ్మాల్లో మెటల్ డిటెక్టరు కూస్తున్నా గార్డు తలెత్తి చూడడు. దిక్కులేని సంచి కనబడితే దానిని ముట్టుకోకూడదని, జనాన్ని దూరంగా పంపి పోలీసులకు ఫోన్ చేయాలని బస్సు సిబ్బందికీ గార్డులకూ ఏడాదికి ఒక్క పూటైనా నేర్పించే ఏర్పాటు చేయాలని అధికారులను కోరుతున్నాను. నాలాగా కేక పెట్టే ప్రయాణికులకు కూడా, ముందు ‘ఈ సంచి ఎవరిదండీ’ అని అడగడం నేర్పాలి.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్