బడి పద్దు అక్టోబరులో తెరవండి: జీవీఎంసీ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,

ప్రతులు: విశాఖపట్నం, అనకాపల్లి జిల్లాల కలెక్టర్లకు, జిల్లా విద్యాశాఖాధికారులకు.

అయ్యా,

నగరంలో ఒక బడి కప్పు కారుతోందంటే, చిల్లు ఎక్కడుందో వెతికే లోపే ఆ కప్పు ఎవరిదో వెతకాల్సి వస్తోంది. 2022లో వచ్చిన 84వ నంబరు జీవోతో పురపాలక బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖ చేతికి వెళ్లింది. స్థలం, భవనం మీ ఆస్తిగానే మిగిలాయి. మధురవాడ దగ్గరి చంద్రంపాలెం హైస్కూలు నగరంలోనే ఉన్నా అది జిల్లా పరిషత్ బడి. 2005లో గాజువాక పురపాలక సంఘంతో పాటు నగరంలో కలిసిన 32 గ్రామాల్లో పరిషత్తుల బడులు ఇంకా ఉన్నాయి. ఇది చాలదన్నట్టు 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనకాపల్లి జోన్ మీ పాలనలోనే ఉంది, అక్కడి బడులు మాత్రం మరో జిల్లా విద్యాశాఖాధికారి కింద ఉన్నాయి. ఒక నగరం, ఇద్దరు డీఈవోలు, మూడు నాలుగు రకాల యాజమాన్యాలు.

రాజ్యాంగంలోనే ఈ చిక్కుకు ఒక మూలం ఉంది. పల్లెల కోసం రాసిన 11వ షెడ్యూలులో ప్రాథమిక, మాధ్యమిక బడులతో సహా విద్య అని స్పష్టంగా ఉంది. పట్టణాల కోసం రాసిన 12వ షెడ్యూలులో మాత్రం సాంస్కృతిక, విద్యా, సౌందర్య అంశాల ప్రోత్సాహం అనే పలుచని మాటే ఉంది. అందుకే నగరపాలక సంస్థల్లో బడి ఎప్పుడూ పార్కుల సరసన కూర్చునే పద్దు అయిపోయింది. 2009 విద్యాహక్కు చట్టం ఆ సందును పూడ్చింది. 9వ సెక్షన్ స్థానిక సంస్థ విధులను చెప్పింది. 21వ సెక్షన్ పాఠశాల యాజమాన్య కమిటీని, 22వ సెక్షన్ ఆ కమిటీ తయారు చేయాల్సిన పాఠశాల అభివృద్ధి ప్రణాళికను చెప్పాయి. స్థానిక సంస్థ ఇచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని కూడా అందులోనే ఉంది.

డబ్బు చాలడం లేదని వాదించడానికి ఈ లేఖ రాయడం లేదు. బడి అవసరాల కాగితం మీ బల్ల మీదికి తప్పుడు నెలలో వస్తోంది, అదీ మా ఫిర్యాదు.

వెనక నుంచి లెక్క వేయండి. బడులు జూన్ 12న తెరుస్తారు. ఏప్రిల్ 24 ప్రాంతంలో మూస్తారు. పిల్లలు లేకుండా, వాన లేకుండా దొరికేది ఈ ఏడు వారాలే. కప్పు చెక్కాలన్నా, సంపు తవ్వాలన్నా, మరుగుదొడ్ల గొట్టాలు మార్చాలన్నా ఇదే అదను. ఏప్రిల్ చివర గుత్తేదారు చేతికి తాళం ఇవ్వాలంటే మార్చిలో టెండరు పిలవాలి. దానికి ఫిబ్రవరి నాటికి సాంకేతిక అనుమతి ఉండాలి, బడ్జెట్‌లో పద్దు పడి ఉండాలి. అంచనా వేసే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) జనవరిలోగా బడికి వెళ్లి టేపు పట్టుకుని కొలవాలి. ఆయన ఏ బడికి, దేనికోసం వెళ్లాలో డిసెంబరు నాటికే తెలియాలి. ఇప్పుడేమో అర్జీలు జూన్‌లో బడి తెరిచాక, తొలి వానకు గది తడిశాక, సోమవారం అర్జీల వేదికకు వస్తాయి. అప్పటికి ఏడాది బడ్జెట్ ఖరారైపోయి ఉంటుంది. అత్యవసరమని ఒక మంజూరు పుడుతుంది, అక్టోబరు తుపాన్ల నడుమ పని మొదలవుతుంది. తడి కప్పు మీద వేసిన వాటర్ ప్రూఫింగ్ పూత మరుసటి ఎండాకాలానికి పొరలుగా లేస్తుంది. మళ్లీ అదే బడి నుంచి అదే అర్జీ.

విద్యాహక్కు చట్టానికి కేంద్రం రాసిన నమూనా నియమాల్లో కూడా ఆర్థిక సంవత్సరం ముగియడానికి కనీసం మూడు నెలల ముందే బడి ప్రణాళిక సిద్ధం కావాలని ఉంది. అంటే డిసెంబరు 31. అది మూడేళ్ల ప్రణాళిక, ఏడాదికొకటి చొప్పున మూడు ఉపప్రణాళికలు. యూడైస్ అనే దేశవ్యాప్త బడుల లెక్కలకు సెప్టెంబరు 30 ఆధార తేదీ కాబట్టి పిల్లల సంఖ్య అక్టోబరుకే చేతిలో ఉంటుంది. ఆ నెల మొదటి పక్షంలో ప్రధానోపాధ్యాయులు, కమిటీ అధ్యక్షులు, మీ వార్డు అమెనిటీస్ సెక్రటరీ, వార్డు ఎడ్యుకేషన్ సెక్రటరీ కలిసి బడిలో ఒక గంట తిరిగితే చాలు. కొత్త ఉద్యోగాలు అక్కర్లేదు. 2019 నుంచి వార్డు సచివాలయాల్లో ఆ పేరుతోనే మనుషులు ఉన్నారు. విద్య పేరు పెట్టుకున్న సెక్రటరీ చేత ఇంటింటి సర్వేలే ఎక్కువ చేయించడం మన అలవాటు, అది వేరే సంగతి.

వాళ్లు నింపే కాగితం ఒక్క పేజీ దాటకూడదు. పని పేరు, కొలత, ఇప్పటి స్థితి చూపే ఫొటో, ఆపితే ఏమవుతుంది, ఎవరి పద్దు. ఈ చివరి గడి ఖాళీగా ఉన్న కాగితాన్ని తీసుకోవద్దు. అసలు తగువంతా అక్కడే ఉంది.

పద్దుల సంగతే చూడండి. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద వచ్చే పాఠశాల గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి అంచెలుగా ఉంటుంది. 101 నుంచి 250 మంది ఉంటే 50,000, 251 నుంచి 1,000 మంది వరకు 75,000 రూపాయలు. 251 మంది ఉన్న బడికి తలకు దాదాపు 300 రూపాయలు పడితే, వెయ్యి మంది ఉన్న బడికి 75 పడుతుంది. గాజువాక, మధురవాడ లాంటి చోట్ల కిక్కిరిసిన హైస్కూళ్లు అందుకే సుద్దముక్కల దగ్గరే పొదుపు చేయాల్సి వస్తోంది. గ్రాంటు ఆలస్యంగా వస్తే ఆర్థిక సంవత్సరం చివర్లో హడావుడిగా ఖర్చు రాయాలి, లేకపోతే మురిగిపోతుంది. తల్లుల ఖాతాల్లో వేసే తల్లికి వందనం పథకంలో ఒక్కో బిడ్డకు 15,000 అని చెప్పి, అందులో 2,000 బడి, మరుగుదొడ్ల నిర్వహణకు పక్కన పెడుతున్నారు. ఇది చిన్న మొత్తం కాదు. ఏ బడి పిల్లల పేరిట ఎంత జమ అయింది, ఆ బడికి తిరిగి ఎంత వచ్చింది అన్న రెండు అంకెలు కమిటీ గోడ మీద ఉంటే, మిగతా లోటు ఎంతో మీ ఆర్థిక విభాగానికి నిమిషంలో తెలుస్తుంది. మీ సాధారణ నిధి పూడ్చాల్సింది ఆ లోటునే. ఇతరుల డబ్బుతో అయ్యే రంగు పనికి మీరు మళ్లీ ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఇక నీళ్లు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాం, ఎందుకంటే మరుగుదొడ్లకు తాళం పడేది ఇక్కడే.

భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో పగటి బడికి తలకు రోజుకు 45 లీటర్లు. 360 మంది ఉన్న బడికి 16,200 లీటర్లు అవుతాయి. బడి పైన ఉండేది సాధారణంగా 1,000 లేదా 2,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు. వాడకం ప్రమాణంలో సగమే అనుకున్నా, 2,000 లీటర్ల ట్యాంకు రోజుకు నాలుగుసార్లు నిండాలి. మన కుళాయి రోజంతా రాదు. చాలా పేటల్లో తెల్లవారుజామున వచ్చి, బడిలో పనిచేసే ఆయా వచ్చి గేటు తెరిచే వేళకు ఆగిపోతుంది. మోటారు వేసే మనిషి లేడు, ట్యాంకు నిండదు, పది గంటలకు చేతులు కడిగే కుళాయిలు ఎండుతాయి. బోరు ఉంటే అది ఆదుకోవాలి, తీరం దగ్గరి పేటల్లో ఉప్పునీరు పడితే అదీ పనికి రాదు. అప్పుడు హెచ్‌ఎం చేసేది ఒక్కటే, ఆడపిల్లల కోసం ఒక గది ఉంచి మిగతా మరుగుదొడ్లకు తాళం వేయడం. తనిఖీకి వచ్చినవారు నిర్వహణ లోపం అని రాసుకుని వెళ్తారు.

మందు తెలిసిందే. కనెక్షన్ నేరుగా నేలలోని సంపులోకి, దానికి నిండగానే నీటిని ఆపే బాల్ వాల్వు. నీళ్లు ఎప్పుడొచ్చినా మనిషి లేకుండా వాటంతట అవే నిండాలి. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, నీటి మట్టం 1.8 మీటర్లు ఉంటే సరిగ్గా 16,200 లీటర్లు పడతాయి. పైన తాళం వేసే ఇనుప మూత తప్పనిసరి, బడిలో తెరిచి ఉన్న సంపు ప్రాణాంతకం. సంపు నుంచి పైట్యాంకుకు మోటారు, దానికి ఫ్లోట్ స్విచ్. ఈ మొత్తంలో విద్యాశాఖ చేయగలిగింది ఏదీ లేదు. కనెక్షన్ మీది, గొట్టం మీది, నీటి వేళ మీది. మీ నీటి సరఫరా విభాగం బడుల జాబితా పక్కన ఆ వీధికి నీళ్లొచ్చే వేళ రాస్తే, ఎక్కడ సంపు కావాలో ఒక్క పూటలో తేలిపోతుంది.

మరుగుదొడ్ల సంఖ్యకు స్వచ్ఛ విద్యాలయ లెక్క నలభై మందికి ఒక యూనిట్, అంటే ఒక మరుగుదొడ్డి, మూడు మూత్రశాలలు. అదే 360 మందికి తొమ్మిది యూనిట్లు. భూగర్భ డ్రైనేజీ లేని శివారు వార్డుల్లో సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి ఖాళీ చేయించాలి. ఆ ఖర్చుకు ఏ గ్రాంటులోనూ విడిగా గడి లేదు, మీ దగ్గరేమో వాహనాలున్నాయి. వేసవిలో ఒక తిరుగుడు పెట్టుకుంటే ఆగస్టులో పొంగవు.

కప్పుల విషయంలో విశాఖకు విశాఖే సాటి. ఉప్పుగాలి. వాననీటి గొట్టం నోట్లో ఆకులు అడ్డుపడి కప్పు మీద నీరు నిలుస్తుంది, ఆ తేమతో ఉప్పు లోపలికి దిగి ఇనుప చువ్వను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన చువ్వ ఉబ్బి కింద కాంక్రీటును తోసేస్తుంది, పిల్లల తల మీద పెచ్చులు రాలేది అందుకే. ఊడిన చోట సిమెంటు మెత్తి రంగు వేస్తే జబ్బు కనబడకుండా పోతుంది, అంతే. వదులైన కాంక్రీటంతా చెక్కేసి, చువ్వను తీగ బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారుతో పూడ్చి, ఆ పైన నీరు జారేలా వాలు పెట్టి వాటర్ ప్రూఫింగ్ చేయాలి. చువ్వ మందం బాగా తగ్గితే మరమ్మతు మాట మాని గది మూసేయాలి. ఈ తేడా చెప్పాల్సింది ఇంజినీరు. హెచ్‌ఎం చేత గది పనికొస్తుంది అని సంతకం పెట్టించుకోవడం అన్యాయం. 2014 హుద్‌హుద్‌లో రేకుల షెడ్లు ఏమయ్యాయో నగరం చూసింది కాబట్టి, తీరం వెంబడి కొత్తగా రేకుల గదికి అంచనా వస్తే వెనక్కి పంపండి.

గదుల లెక్కకు మాత్రం విద్యాశాఖ మీకు జవాబు చెప్పాలి. 2022లో 117వ నంబరు జీవోతో 3, 4, 5 తరగతుల పిల్లలను దగ్గరి హైస్కూళ్లకు తరలించారు. 2025లో దాన్ని రద్దు చేసి మోడల్ ప్రైమరీ స్కూళ్లు పెట్టారు, పిల్లలు వెనక్కి నడిచారు. మూడేళ్లలో బరువు రెండుసార్లు చేతులు మారింది, భవనాలు మాత్రం ఎక్కడివక్కడే. అందుకని గది కావాలనే ప్రతి అర్జీకి వచ్చే మూడేళ్ల తరగతివారీ పిల్లల అంచనా, దాని కింద డీఈవో సంతకం అడగండి. మీ పట్టణ ప్రణాళిక విభాగం కూడా ఒక మాట చెప్పాలి. మధురవాడ, పెందుర్తి వైపు ఏ వార్డులో ఎన్ని ఇళ్లకు అనుమతులిచ్చారో వాళ్ల దగ్గరే ఉంది. ఇళ్లు లేచిన రెండేళ్లకు పిల్లలు బడికి వస్తారు, ఆ వార్త బడికే అందరికన్నా ఆఖరున తెలుస్తోంది.

చిన్న సంగతులు రెండు. మధ్యాహ్న భోజనం కేంద్రీకృత వంటశాల నుంచి వ్యానులో వచ్చే బడికి వంటగది అంచనా వేయకండి, వడ్డించే నీడ, చేతులు కడిగే కుళాయిల వరుస కావాలి. పరిశ్రమలు సామాజిక బాధ్యత కింద ఆర్వో యంత్రాలు ఇస్తామంటే ఫిల్టర్లు, మెంబ్రేన్ మార్చే ఖర్చు మూడేళ్లకు ఒప్పందంలో రాయించుకోండి. మొదటి ఏడాది తర్వాత ఆ యంత్రాలు బీరువాల్లా నిలబడి ఉంటాయి.

మేము కోరేవి ఇవి. అక్టోబరులో ఒక ఉత్తర్వు, మీ సంతకం పక్కన ఇద్దరు డీఈవోల సంతకాలతో. డిసెంబరు ఆఖరులోగా జోన్‌కొక ఉమ్మడి సమావేశం, అందులో ఒక్కో బడి కాగితానికి పది నిమిషాలు, పద్దు తేలకుండా తర్వాతి కాగితం తీయకూడదు. బడ్జెట్ పుస్తకంలో బడుల మరమ్మతు అని ఒకే గుండుగుత్త అంకె కాకుండా బడివారీ అనుబంధం. 2012 నుంచి 2021 దాకా ఈ నగరం కార్పొరేటర్లు లేకుండా తొమ్మిదేళ్లు నడిచింది, కాబట్టి ఈ ఏర్పాటు కౌన్సిల్ ఉన్నా, ప్రత్యేకాధికారి ఉన్నా ఆగకుండా నడిచేలా ఉత్తర్వు రాయించండి.

ఒకేసారి పది దిక్కులా మొదలుపెట్టమనడం లేదు. ఈ ఏడాదికి అనకాపల్లి జోన్ తీసుకోండి, రెండు జిల్లాల చిక్కు అక్కడే ఉంది కనుక అక్కడ నడిస్తే మిగతా చోట్ల సులువు. ఆ బడుల్లోకి తిరగడానికి మీ వాళ్లు బయల్దేరినప్పుడు ఆయాతో కూడా ఐదు నిమిషాలు మాట్లాడమనండి. కుళాయి ఎన్నింటికి వస్తుందో, ఏ గొట్టం కారుతుందో, ఏ తలుపు గడియ పడదో ఆమెను అడిగి రాసుకుంటే కాగితంలో సగం నిండుతుంది.

ఇట్లు,
బడి కమిటీల్లోనూ, బడి భవనాల పనుల్లోనూ ఉన్న కొందరు విశాఖవాసులం