గోడపత్రిక రాసే పిల్లలకు ముందు చట్టం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. పన్నెండేళ్లుగా మా గోడపత్రిక, ఏడాదికోసారి వచ్చే మ్యాగజైన్ చూసుకునే బాధ్యత నాదే. మొన్న కొత్త బ్యాచ్‌తో కూర్చున్నప్పుడు ఒక అబ్బాయి "మేడమ్, మేం ఉత్త స్టూడెంట్సే కదా, మాకు ప్రెస్ వాళ్లకుండే హక్కులు ఎక్కడుంటాయి?" అన్నాడు. పక్కనే కూర్చున్న అమ్మాయి వెంటనే "స్టూడెంట్సే కదా, మన మీద కేసులు కూడా ఎవరూ పెట్టర్లే" అంది. ఒకే నిమిషంలో రెండు మాటలు, రెండూ తప్పే. ఈ రెండు తప్పుల వల్ల జరిగిన నష్టం నా కళ్లతో చూశాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు హక్కు సంగతి. మన రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని విడిగా ఒక ఆర్టికల్ లేదు. 19(1)(ఎ) పౌరులందరికీ వాక్ స్వాతంత్ర్యం, భావ ప్రకటన స్వేచ్ఛ ఉన్నాయంటుంది, అంతే. పత్రికల మాట విడిగా ఎందుకు రాయలేదని 1948లో రాజ్యాంగ సభలో అడిగితే, మామూలు పౌరుడికి లేని ప్రత్యేక హక్కులేవీ పత్రికకు ఉండవని, ఎడిటరైనా మేనేజరైనా పౌరులుగా తమ హక్కునే వాడుకుంటారని అంబేడ్కర్ జవాబిచ్చారు. దీన్ని తిప్పి చూస్తే మా పిల్లలకు కావాల్సిన జవాబు అందులోనే ఉంది. పెద్ద పత్రిక ఎడిటర్‌కున్న హక్కూ, గోడపత్రిక మీద చేత్తో రాసే సెకండియర్ పిల్లకున్న హక్కూ ఒకటే. ప్రభుత్వం విలేకరులకిచ్చే అక్రిడిటేషన్ కార్డు లేనంత మాత్రాన హక్కు తగ్గదు. పద్దెనిమిది నిండాలన్న షరతు కూడా అందులో లేదు.

బడిపిల్లల విషయంలో సుప్రీంకోర్టు ఈ మాట ఎప్పుడో తేల్చింది. జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడుతూ, మత విశ్వాసం వల్ల నోరు మాత్రం కలపని ముగ్గురు తోబుట్టువులను కేరళలో ఒక బడి పంపించేస్తే 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో కోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఒకటుంది: భావ ప్రకటన స్వేచ్ఛకు హద్దు పెట్టాలంటే చట్టం ఉండాలి, చట్టబలం లేని శాఖాపరమైన సర్కులర్లు చాలవు. నోటీసు బోర్డు మీద ఒక సర్కులర్ అంటించి పిల్లల నోరు మూయించవచ్చనుకునే ప్రతి ఆఫీసు గదిలో ఆ తీర్పు చదివి వినిపించాలని ఉంటుంది నాకు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. హాస్టల్ నీళ్ల ట్యాంకుకు మూత లేదని మా పిల్లలు రాశారు. ఊరికే రాయలేదు. నిచ్చెన ఎక్కి ఫొటో తీశారు, వార్డెన్‌కు ఇచ్చిన మూడు ఫిర్యాదుల నకళ్లు తేదీలతో సహా పెట్టుకున్నారు, వార్డెన్ దగ్గరకు వెళ్లి ఆయన మాట కూడా తీసుకుని చివర్లో రాశారు. ఇంతకంటే పద్ధతిగా రాసిన వార్త పెద్ద పత్రికల్లో కూడా రోజూ కనపడదు. పెట్టిన అరగంటకి పైనుంచి ఫోన్, "కాలేజీ పరువు పోతుంది, తీసేయండి" అని. నేనే వెళ్లి పిన్నులు పీకి ఆ కాగితం తీసేశాను. రాసిన అబ్బాయి వరండాలో నిలబడి చూస్తున్నాడు, ఒక్క మాట అనలేదు. మర్నాడు అతన్ని పిలిపించి, ఇంకోసారి ఇలా చేస్తే టీసీ ఇచ్చి పంపిస్తామని, కండక్ట్ సర్టిఫికెట్‌లో రాస్తామని బెదిరించారు. నిజానికి పిల్లలకు పోలీసుల భయం తక్కువ, ఈ రెండు కాగితాల టెన్షనే ఎక్కువ.

పరువు నష్టం నేరమే, కాదనను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ దానికిచ్చిన మినహాయింపుల్లో మొదటిదే ఇది: రాసింది నిజమై, అది బయటపెట్టడం ప్రజలకు మేలైతే నేరం కాదు. మూత లేని ట్యాంకు నీళ్లు వందల మంది తాగుతుంటే ఆ సంగతి చెప్పడం మేలు కాక మరేమిటి? ఆ రోజు నాకు ఇంత మాత్రం తెలిసి ఉంటే ఫోన్‌లో గట్టిగా నిలబడి ఉండేదాన్ని.

ప్రైవేటు కాలేజీ మీద ప్రాథమిక హక్కుల కేసు వేయడం ప్రభుత్వ కాలేజీ మీద వేసినంత తేలిక కాదు, ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి. కాలేజీ సొంత డబ్బుతో వేసే మ్యాగజైన్‌లో ఏది వేయాలన్న దాంట్లో యాజమాన్యానికి కొంత మాట ఉండటం కూడా సహజమే. అమెరికాలో ఈ గీత మీద రెండు పెద్ద తీర్పులున్నాయి. 1969లో టింకర్ కేసులో యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీలు కట్టుకున్న పిల్లల హక్కు బడి గేటు దగ్గర ఆగిపోదన్నారు, 1988లో హేజిల్‌వుడ్ కేసులో మాత్రం బడి నడిపే పత్రిక నుంచి రెండు పేజీలు తీసేసిన ప్రిన్సిపాల్‌ను సమర్థించారు. నా మటుకు నాకు, మ్యాగజైన్‌లో వేయం అనడం ఒక సంగతి, రాసినందుకు పిల్లాడి చదువు మీద దెబ్బ కొట్టడం పూర్తిగా వేరే సంగతి.

సమాచార హక్కు చట్టం కూడా పిల్లలు వాడుకోవాలి. ఎందుకు అడుగుతున్నావని కారణం చెప్పాల్సిన పని లేదు, సెక్షన్ 6(2)లో ఆ మాటే ఉంది. ప్రభుత్వ కాలేజీలకు, ప్రభుత్వ నిధులతో గణనీయంగా నడిచే సంస్థలకు దరఖాస్తు పెడితే మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. విద్యార్థి తన జవాబు పత్రం తాను చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఈ చట్టం కిందే.

ఇక రెండో వైపు. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది. ట్యాంకు వార్త తీసేసిన నేనే, మరుసటి ఏడాది ఇంకో వార్తకు సరేనని సంతకం పెట్టాను. లైంగిక వేధింపుల మీద కాలేజీ అంతర్గత కమిటీకి ఒక అమ్మాయి ఫిర్యాదు చేసింది. పిల్లలు మంచి ఉద్దేశంతోనే, ఆమెకు న్యాయం జరగాలనే రాశారు. పేరు రాయలేదు. కానీ ఏ గ్రూపో రాశారు, ఏ సంవత్సరమో రాశారు, "గత సోమవారం నుంచి క్లాసుకు రావడం లేదు" అని కూడా రాశారు. ఆ సెక్షన్‌లో ఆ వారం రానిది ఒక్క అమ్మాయే. మధ్యాహ్నానికల్లా కాలేజీ అంతా తెలిసిపోయింది. తర్వాత ఆమె మూడు వారాలు రాలేదు.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం సెక్షన్ 16 ప్రకారం ఇలాంటి ఫిర్యాదులో ఏముందో, ఎవరు ఎవరి మీద పెట్టారో, సాక్షులెవరో, విచారణ ఎలా సాగిందో ప్రచురించకూడదు. గుర్తు తెలిసే వివరాలు లేకుండా, న్యాయం జరిగిందన్న సంగతి మాత్రం చెప్పొచ్చు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే న్యాయ సంహిత సెక్షన్ 72 ఉంది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల విషయంలో పోక్సో చట్టం సెక్షన్ 23 ఇంకా కఠినం. పేరు, ఫొటో, ఇల్లు, వాడ మాత్రమే కాదు, చదివే బడి పేరు, గుర్తు పట్టడానికి దారి తీసే మరే వివరమూ కూడా రాయకూడదు. బడి పత్రికలో "మన బడిలో ఒక అమ్మాయి" అని రాస్తే ఆ బడి పేరు విడిగా రాయక్కర్లేదు కదా! పెద్ద పత్రికలకు రాని ఈ చిక్కు విద్యార్థి పత్రికలకు ప్రతిసారీ వస్తుంది, ఎందుకంటే చదివేవాళ్లందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

పేరు చెప్పకుండా ఎవరెవరో పంపినవి నెట్‌లో పెట్టే కన్ఫెషన్ పేజీలు నడిపే పిల్లలకు ఒక మాట. "అట" అని చివర తగిలిస్తే కేసు రాదనుకోవద్దు, ఎవరో పంపింది పెట్టాను అన్నా తప్పించుకోలేరు, ప్రచురించినవాళ్లకూ బాధ్యత ఉంటుంది. అలాగే "నీ పేరు చచ్చినా చెప్పను" అని ఎవరికైనా మాటిచ్చే ముందు ఆలోచించండి. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం ఆ కౌన్సిల్ ముందు మాత్రమే మీ సోర్సును కాపాడుతుంది, కోర్టులో అడిగితే అలాంటి కవచం చట్టంలో లేదు. మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు.

సంపాదకులు గారూ, మీ విద్య పేజీలో వారానికో చిన్న కాలమ్ దీనికి కేటాయించమని నా విన్నపం. ఒక వారం పరువు నష్టం, ఒక వారం సమాచార హక్కు, ఒక వారం నెట్‌లో దొరికిన ఫొటో ఎప్పుడు వాడుకోవచ్చో, ఇలా. కాలేజీలు కూడా వార్త ఎవరు చూస్తారు, ఎన్ని రోజుల్లో చూస్తారు, వద్దంటే కారణం ఎవరు చెబుతారు అన్నది ఒక పేజీ మీద రాసి పెట్టుకుంటే సగం గొడవలు రావు.

ఆ నీళ్ల ట్యాంకు కాగితం ఇంకా నా డ్రాయర్‌లోనే ఉంది, మూలల్లో పిన్ను రంధ్రాలతో. ట్యాంకుకు మూత ఇంకా పడలేదు. ఫిర్యాదుల తేదీలు మళ్లీ సరిచూసి, కొత్తగా ఫొటో తీసి, వార్డెన్‌ను మళ్లీ అడిగి వచ్చే సంచికలో మొదటి వార్తగా పెట్టమని ఈ బ్యాచ్‌కు చెప్పాను. తీసేయమని ఈసారి ఫోన్ వస్తే, కారణం కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమని అడుగుతాను.

నా పేరు ప్రచురించవద్దని మనవి.

– ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు