ఫ్రీజర్‌లోనే ప్లాస్మిడ్

సంపాదకుల వారికి,

కణాలకు గుర్తుగా వాడే జీఎఫ్‌పీ అనే మెరిసే ప్రోటీన్ పచ్చకాంతిని ఎలుక ఒంట్లోని హిమోగ్లోబిన్ మింగేస్తుంది, లోపలి కణితి సరిగా కనబడదు. 2011లో ఒక బ్యాక్టీరియా ఫైటోక్రోమ్ (కాంతిని పసిగట్టే ప్రోటీన్) నుంచి రూపొందించిన ఐఆర్‌ఎఫ్‌పీ అనే ప్రోటీన్ 713 నానోమీటర్ల దగ్గర, అంటే ఎరుపు దాటి పరారుణానికి దగ్గరగా, వెలుగుతుంది. ఆ కాంతి చర్మం దాటి వస్తుంది. ఆ ప్రోటీన్ వెలగడానికి కావాల్సిన బిలివెర్డిన్ అనే రంగు పదార్థం క్షీరదాల కణాల్లోనే ఉంటుంది, విడిగా కలపక్కర్లేదు. ఎలుకను కోయకుండానే కణితి పెరుగుదల చూడొచ్చు. ఎన్ని ప్రాణాలు మిగులుతాయో!

నేను పరిశోధక విద్యార్థినిని. ఐఆర్‌ఎఫ్‌పీ జన్యువును మోసే ప్లాస్మిడ్ (చిన్న డీఎన్‌ఏ వలయం) మా ఫ్రీజర్‌లో, మూతమీద మార్కర్‌తో పేరు రాసిన చిన్న ట్యూబులో ఉంది. వాడలేకపోతున్నాం. ఆ వెలుగు కంటికి ఆనదు. మా మైక్రోస్కోపుకు తగిన ఫిల్టరూ కెమెరా లేవు. రసాయనాలకు నిధులిచ్చేటప్పుడు వీటికీ ఇవ్వాలని, లేదా పక్క సంస్థల పరికరాలు వాడుకోనివ్వాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాద్