మందు రాసిన తర్వాత ఏమవుతుందో చూపించిన ఊరికి కృతజ్ఞతలు

మా హౌస్ సర్జన్ల (ఎంబీబీఎస్ చదువు ముగించి ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాళ్ల) బ్యాచ్ రూరల్ పోస్టింగ్ ఈ వారంతో పూర్తయింది. కాలేజీకి తిరిగి వెళ్లేలోపు ఈ ఊరివాళ్లకూ సీహెచ్‌సీ (ప్రభుత్వ సామాజిక ఆరోగ్య కేంద్రం) సిబ్బందికీ మా అందరి తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది. పేర్లు పెట్టొద్దని కొందరు గట్టిగా చెప్పారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. ఎవరి గురించి రాశానో చదివితే వాళ్లకే తెలుస్తుంది.

ముందుగా మాకు ఇల్లు ఇచ్చిన టీచరమ్మ గారికి. మేం వచ్చేసరికి క్వార్టర్స్ ఉండటానికి వీలుగా లేవు. మాలో ఎక్కువమంది అమ్మాయిలం, పైగా నైట్ డ్యూటీలు. ఎక్కడుండాలో తెలియక టెన్షన్ పడుతుంటే ఆవిడ మేడ మీద వాటా శుభ్రం చేయించి, బాత్‌రూమ్ తలుపుకు కొత్త గడియ పెట్టించి, తాళాలు మా చేతికిచ్చారు. అద్దె ఎంతని అడిగితే కరెంటు బిల్లు కట్టుకోండి చాలన్నారు. అమ్మాయిలను పల్లె పోస్టింగ్‌కు పంపడానికి ఇంట్లోవాళ్లు భయపడేది ఎక్కువగా ఈ ఉండే చోటు గురించే. ఆవిడతో ఒక్కసారి ఫోన్లో మాట్లాడాక మా అమ్మానాన్నలకు ఆ భయం పోయింది.

జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం ఏడాది ఇంటర్న్‌షిప్‌లో 12 వారాలు కమ్యూనిటీ మెడిసిన్‌కే (సామాజిక వైద్యానికే) కేటాయించారు. ఆ వారాలను నీట్ పీజీ (పీజీ ప్రవేశ పరీక్ష)కి చదువుకోవడానికి దొరికిన ఖాళీగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. పరీక్ష ఒత్తిడి ఎంతుంటుందో నాకూ తెలుసు. అయినా ఆ వారాలు వదులుకోవద్దనే చెబుతాను. డాక్టర్ చదువులో మూడు నెలలు ఇలాంటి సామాజిక వైద్యానికి ఉండాలని దేశ ఆరోగ్య వ్యవస్థపై వేసిన భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. ఎందుకు చెప్పిందో మాకు ఏఎన్‌ఎం (ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్త) మేడమ్ వెంట వీధుల్లో తిరిగినప్పుడు అర్థమైంది.

పెద్దాసుపత్రి ఓపీలో మేం బీపీ మాత్రలు రాసిచ్చి పంపుతాం. ఆ మనిషి గుమ్మం దాటాక ఏమవుతుందో మాకు తెలియదు. ఇక్కడ మేడమ్ మమ్మల్ని సరాసరి ఇళ్లకే తీసుకెళ్లారు. ఒకాయన బీపీ నార్మల్‌కు వచ్చింది కదా అని మాత్రలు మానేశారు. ఇంకో ఇంట్లో భార్యకు రాసిన మాత్రలు భర్త కూడా పంచుకుంటున్నారు. ఇద్దరికీ బీపీయే కదా, వేరే చీటీ ఎందుకని. మేడమ్ ఎవరినీ కసురుకోలేదు. అరుగు మీద కూర్చుని, ఇంట్లో సంగతులన్నీ అడిగి, ఆ మాటల్లోనే మాత్రల దగ్గరికి వచ్చేవారు.

టీబీ మందులు మానేసిన ఒక కుర్రాడి ఇంటికి ఆశా అక్క తీసుకెళ్లింది. మూత్రం ఎర్రగా వస్తోందని, రక్తం పోతోందేమోనని భయపడి ఆపేశాడు. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు అని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. ఆ సంగతి అతనికి చెప్పింది మాత్రం అక్కే. మళ్లీ మందులు మొదలుపెట్టించింది. నెలకు రావాల్సిన వెయ్యి రూపాయల పోషణ సాయం ఖాతాలో పడటం లేదని తెలిసి, తనే వెంట ఉండి బ్యాంకు పని కూడా చక్కబెట్టింది. అక్కా, నీ దగ్గర నేర్చుకున్నది మాకు ఏ వార్డులోనూ దొరికేది కాదు.

కట్లపాము కాటు కేసు వచ్చిన రాత్రి గురించి రాయకుండా ఉండలేను. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ ఒకామెను తీసుకొచ్చారు. కాటు గుర్తు లేదు, వాపు లేదు. డ్యూటీ డాక్టర్ సార్ ఆమె కళ్లలోకి చూసి, ‘రాత్రి ఎక్కడ పడుకున్నావమ్మా?’ అని అడిగారు. నేల మీద, చాప వేసుకుని అంది. రెప్పలు అప్పటికే వాలిపోతున్నాయి. కట్లపాము నిద్రలో కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. ఊపిరి బలం తగ్గుతోందేమో తెలియడానికి సార్ ఆమె ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలదో చూడమన్నారు, కాసేపటికోసారి మళ్లీ లెక్కపెట్టించమన్నారు. మందు పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కన పెట్టాకే యాంటీ వీనం (పాము విషానికి విరుగుడు) మొదలైంది. పది వయల్స్ (చిన్న మందు సీసాలు). పొడిలో నీళ్లు కలిపాక గట్టిగా కుదిపితే నురగ వస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి అని సిస్టర్ నా చేతులు పట్టుకుని చూపించారు. ఆమె లెక్కపెట్టే అంకెలు తగ్గుతూ వచ్చాయి. జిల్లా ఆసుపత్రికి వెళ్లే 108లో దారి పొడవునా సిస్టర్, నేను మార్చి మార్చి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ నొక్కాం. కొన్నాళ్లు వెంటిలేటర్ మీద ఉండి ఆమె నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

ఆ పది వయల్స్ ఆ పూట ఫ్రిజ్‌లో ఉన్నాయంటే, స్టాకు తగ్గకముందే ఇండెంట్ (మందులు కావాలని ఆర్డరు) పెట్టే ఫార్మసిస్టు అన్న చలవే. ఆయన పని రోగులకు కనపడదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అన్నా, మీకు మా అందరి నమస్కారాలు.

ఇక రోగులకు. నేర్చుకుంటున్న పిల్లలమని తెలిసి కూడా చెయ్యి చాపి రక్తం ఇచ్చారు. ఒకరి తర్వాత ఒకరం బిడ్డ గుండె చప్పుడు వింటామంటే ఓపిగ్గా పడుకున్న గర్భిణులు ఉన్నారు. వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. అయినా ఒప్పుకున్నారు. ఆ రుణం పెద్దది.

వచ్చే నెల కొత్త బ్యాచ్ వస్తుంది. మేం చూస్తున్న బీపీ, షుగర్ వాళ్ల వివరాల పుస్తకం ఏఎన్‌ఎం మేడమ్ దగ్గర ఉంచాం. కొత్త బ్యాచ్ వాళ్లు మీ ఇంటికి వచ్చినప్పుడు మాత్రల స్ట్రిప్పులు బయటికి తీసి చూపించండి, ఎన్ని మిగిలాయో నిజం చెప్పండి. మాకు చెప్పినట్టే.