కోతులకు సంతాన నియంత్రణ టీకా ఎప్పుడు వేస్తారు? అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ అటవీ శాఖ మంత్రి గారికి నమస్కారములు.

కోతుల బెడద గురించి మా ఊరి రైతులం మూడేళ్లుగా ఇచ్చిన అర్జీలలో ఒక్కదానికీ జవాబు రానందున, ఈ లేఖను నలుగురి ఎదుట రాయవలసి వస్తోంది.

‘కోతులు వాపస్ పోవాలె, వానలు వాపస్ రావాలె’ అన్న పిలుపు విని హరితహారంలో మేమూ మొక్కలు నాటాం. మొక్కలు ఎదిగాయి గానీ కోతులు ఊరు విడిచి పోలేదు. పల్లి విత్తిన మర్నాడే గింజను తవ్వి తింటున్నాయని పల్లి మానేశాం. ఆ తర్వాత కూరగాయలు మానేశాం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఇంటిల్లిపాదీ వంతులవారీగా చేనులో కావలి ఉన్నా, అటు తరిమితే ఇటు దిగే మందను ఆపలేక, చివరికి కోతి ముట్టని పత్తి ఒక్కటే వేసుకుంటున్నాం. భూమి ఉన్న మేము పచ్చిమిరపకాయ కూడా సంతలో కొంటున్నాం. నిరుడు మిద్దె మీద వడియాలు ఎండబెడుతున్న మా అమ్మను కోతి కరిస్తే రేబిస్ టీకాల కోసం ఆమెను ఆసుపత్రికి పలుమార్లు తిప్పవలసి వచ్చింది.

నిర్మల్‌లో 2020లో కోతుల సంరక్షణ కేంద్రం ప్రారంభమైనప్పుడు ఎంతో ఆశపడ్డాం. అయితే ఒక్కో కోతినీ పట్టి, మత్తిచ్చి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, కోలుకునే దాకా ఉంచి వదలడం ఎంత నిదానంగా సాగే పనో తమకు తెలియనిది కాదు. అందుకే టీకా గురించి అడుగుతున్నాం. మెదడు నుంచి పునరుత్పత్తికి తొలి సంకేతం పంపే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోన్‌పై శరీరమే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసుకునేలా ఈ టీకా పనిచేస్తుంది. ఆ సంకేతం ఆగితే అండం విడుదల కాదు, ఎద రాదు. అమెరికాలో గొనాకాన్ అనే ఇలాంటి టీకాకు 2009లో జింకలకు, 2013లో అడవి గుర్రాలకు అనుమతి లభించింది. మన దేశంలోనూ ఢిల్లీలో డాక్టర్ జి.పి. తల్వార్ బృందం ఇదే హార్మోన్‌పై టీకాను రూపొందించింది. కోతులు, అడవి పందులకు గర్భనిరోధక టీకాలపై పరిశోధనను డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థకు కేంద్ర ప్రభుత్వం ఎప్పుడో అప్పగించింది. దాని ఫలం మా చేను గట్టు దాకా రాలేదు.

టీకా వేసిన మర్నాడే మంద తగ్గిపోతుందని మేము భ్రమపడటం లేదు. ఉన్న కోతులు ఉంటాయి. రెండో మోతాదు కోసం వాటిని మళ్లీ పట్టవలసి రావచ్చు. హార్మోన్ తగ్గితే మందలో వాటి నడవడి ఎలా మారుతుందో కూడా నిపుణులు గమనించాలి. ఆ మూగజీవాలకు హాని జరగాలని మేమెవరమూ కోరుకోవడం లేదు, విషం పెట్టమని ఏనాడూ అడగలేదు. ఏటా పుట్టే పిల్లలు తగ్గితే చాలునంటున్నాం.

దయచేసి కేంద్రంతో మాట్లాడి, కోతుల బెడద ఎక్కువగా ఉన్న ఒక్క మండలంలోనైనా, పశువైద్యుల పర్యవేక్షణలో ఈ టీకాను పరీక్షించండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే వానాకాలం విత్తే లోపు మా అర్జీకి జవాబు ఇప్పించండి. పల్లి వేయాలో, మళ్లీ పత్తే వేయాలో మేము అప్పటికి తేల్చుకోవాలి.

ఇట్లు,
నిర్మల్ జిల్లా రైతు ఒకరు