ఫ్లెమింగోల గూళ్ల మీద డ్రోన్లు వద్దు

సంపాదకులు గారికి,

మీ ఆదివారం సంచికలో వచ్చిన కజకిస్తాన్ యాత్రా వ్యాసం చదివాను. అస్తానాలో మెడిసిన్ చదువుతున్నాను కాబట్టి వదలకుండా చివరిదాకా చదివాను. తెంగిజ్ సరస్సును ‘ఏమీ బతకని ఉప్పు నీళ్లు’ అని తేల్చేసి, ఫ్లెమింగోల మీదుగా డ్రోన్ ఎగరేసి వీడియో తీసుకోమని సలహా ఇచ్చారు. మొదటి మాట తప్పు. రెండోది ప్రమాదం. అందుకే కాస్త కోపంగానే రాస్తున్నాను.

అస్తానాకు నైరుతి దిక్కున, కొర్గల్జిన్ ఊరు దాటాక, చెట్టన్నదే కనపడని స్టెప్పీ గడ్డిమైదానంలో ఉంటుందీ సరస్సు. నూరా నది నీళ్లు వచ్చి చేరడమే తప్ప బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఒడ్డున అడుగు వేస్తే తెల్లటి పైపొర పటుక్కున విరిగి కింద నల్లటి బురద తగులుతుంది. చూస్తే నిజంగానే అక్కడ ఏమీ బతకదనిపిస్తుంది. కానీ ఆ ఉప్పులోనే ఆర్టీమియా అనే రొయ్యలాంటి చిన్న జీవి విపరీతంగా పెరుగుతుంది. మన రొయ్యల హేచరీల వాళ్లకు దాని గురించి నేను చెప్పక్కర్లేదు. ఫ్లెమింగో తల కిందికి వంచి, ముక్కు తిరగేసి నీళ్లలో పెట్టి, నాలుకతో నీటిని లాగుతూ తోస్తూ ముక్కు అంచుల్లోని జల్లెడతో వాటిని వడగట్టుకుంటుంది. దాని గులాబీ రంగు ఇలాంటి తిండి నుంచి వచ్చిందే.

ఫ్లెమింగోలు పిల్లల్ని పెంచే చోట్లలో ప్రపంచంలోనే బాగా ఉత్తరాన ఉన్నవాటిలో తెంగిజ్ ఒకటి. లోతు లేని చోట, చిన్న దీవుల మీద బురదతో దిబ్బలు కట్టి జంటకు ఒక్క గుడ్డే పెడతాయి. నీటిమట్టం తగ్గితే నక్కలు, తోడేళ్లు దీవుల దాకా నడిచి వస్తాయి. పెరిగితే గూళ్లు మునిగిపోతాయి. ఎగువన కరగంద, తెమిర్తౌ నగరాల పరిశ్రమలకు కూడా ఆ నూరా నీళ్లే కావాలి. సోవియట్ కాలంలో ఆ నదిలోకి పాదరసం కూడా వదిలారు. ఇన్ని గండాల మధ్య నెత్తి మీద డ్రోన్ ఒకటి! బెదిరితే గుంపు మొత్తం లేస్తుంది, గుడ్లు గల్ అనే నీటిపక్షుల పాలవుతాయి. మళ్లీ పెడదామన్నా టైమ్ ఉండదు. పిల్లకు రెక్కలు రావడానికి రెండు నెలల పైనే పడుతుంది, ఇక్కడ వేసవి చూస్తే చాలా చిన్నది. శీతాకాలం వస్తే సరస్సు గడ్డకట్టేస్తుంది.

మమ్మల్ని తీసుకెళ్లిన గైడు దూరంగానే బండి ఆపేశాడు. ఎంత బతిమాలినా ముందుకు కదల్లేదు. టెలిస్కోప్‌లోంచే చూశాం. ఆయన చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని.

ఆ చుట్టుపక్కల గడ్డిలోనే సోషియబుల్ ల్యాప్‌వింగ్ గుడ్లు పెడుతుంది. అంతరించే ప్రమాదం అంచున ఉన్న తీతువు జాతి పిట్ట అది. వాటిలో కొన్ని చలికాలానికి మన గుజరాత్, రాజస్థాన్ వైపే వస్తాయి. తెంగిజ్, కొర్గల్జిన్ సరస్సులకు 1976లోనే రామ్‌సర్ గుర్తింపు (చిత్తడి నేలల రక్షణకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, 2008లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. మీ వ్యాసంలో ఇవేవీ లేవు.

2022 నుంచి మనవాళ్లు 14 రోజుల వరకు వీసా లేకుండా రావచ్చు. మీ వ్యాసం చూసి వచ్చేవాళ్లు ఉంటారు. కాబట్టి వచ్చే ఆదివారం ఈ సవరణ తప్పకుండా వేయండి: అది రక్షిత ప్రాంతం, ముందుగా అనుమతి తీసుకోవాలి, గైడుతోనే వెళ్లాలి, డ్రోన్ తేవొద్దు, బైనాక్యులర్స్ తెచ్చుకోండి.

– ఒక వైద్య విద్యార్థిని, అస్తానా